ఆత్రేయపురం కాలువ గట్టున బోర్డు లేని పూతరేకుల ఇల్లు

మా పెద్దమ్మాయి పెళ్లి సారెలోకి మూడొందల పూతరేకులు కావాలనుకున్నాం. నేను పుట్టి పెరిగింది ర్యాలిలో. అక్కణ్ణుంచి ఆత్రేయపురం సైకిలు మీద వెళ్లొచ్చే దూరం. పాతికేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నా, పూతరేకులు లేకుండా మా ఇంటి నుంచి సారె వెళ్లింది లేదు. పెళ్లిపనుల హడావుడిలో ఈసారి ఊరికి వెళ్లే తీరిక లేక ఫోన్లో ఒక దుకాణానికి చెప్పి కొరియర్లో తెప్పించాను. పెళ్లి ఇంకా రెండు రోజులుందనగా డబ్బాలు వచ్చాయి. విప్పితే సగానికి సగం నలిగి పొట్టయ్యాయి. బాగున్నవి నోట్లో పెట్టుకుంటే కరగలేదు, పళ్లకి అతుక్కున్నాయి. నెయ్యి వాసన కూడా తేడాగా ఉంది. అలాంటివి పిల్ల వెంట పంపడానికి చేతులు రాలేదు. అప్పటికప్పుడు కాజాలూ లడ్డూలూ పెట్టి పంపించాం.

నెల తిరక్కుండా మా వియ్యపురాలు ఫోన్ చేశారు. వాళ్లది ధర్మపురి. మాటల్లో మాటగా, "వదినా, మీ దిక్కు పూతరేకులు మంచిగుంటయంటరు గదా, సారెల వస్తయేమో అనుకున్న" అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. చిన్నపిల్లలా ఆశపడ్డారంతే. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. "తెప్పించడం కాదు వదినగారూ, మీరే రండి, కుండ దగ్గర కూర్చుని తిందురుగాని" అన్నాను. అలా ఫిబ్రవరిలో ఇద్దరం రాజమండ్రిలో రైలు దిగి కారు మాట్లాడుకున్నాం. ఈ రివ్యూ ఆ రోజు మేం వెళ్లిన ఇంటి గురించి. దానికి బోర్డు లేదు, పేరు లేదు. ఆ ఊరు సంగతి చెప్పకుండా ఆ రేకు సంగతి చెప్పడం నా వల్ల కాదు, అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

రాజమండ్రి నుంచి వచ్చేవాళ్లు ధవళేశ్వరం మీదుగా, బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో దిగండి. రావులపాలెం వైపు నుంచి కూడా మంచి రోడ్డుంది, హైవే మీంచి పది, పన్నెండు కిలోమీటర్లే. కానీ మొదటిసారి వచ్చేవాళ్లని బ్యారేజీ మీదుగానే రమ్మంటాను. గోదావరి అక్కడే రెండుగా చీలుతుంది. ఎడమకి గౌతమి, కుడికి వశిష్ఠ. ఆ రెంటి మధ్యన ఇరుక్కున్న ముక్కే కోనసీమ. ఆ ముక్క కొసన, రెండు పాయలూ ఇంకా ఎంతో ఎడంగా జరగని చోట ఉంది ఆత్రేయపురం. సప్తగోదావరుల్లో ఆత్రేయ అనే పాయ ఒకటుంది కదా, ఆ ఆత్రేయ మహర్షి పేరే ఊరికొచ్చిందని మా వైపు చెప్పుకుంటారు.

బ్యారేజీ మీద వదినగారు కారాపించి దిగారు. కాసేపు నీళ్లకేసి చూసి, అటు తిరిగి కాలువ చూసి, "మా ధర్మపురి కాడ గూడ గిదే గోదారి. గని అక్కడ గోదారి కింద పారుతది, పొలాలు మీద ఉంటయి. నీళ్లు మీదికి ఎక్కియ్యాలె. మీకు అవ్వే నడుచుకుంట వస్తున్నయి" అన్నారు. నేను ఇక్కడే పుట్టి ఇన్నేళ్లొచ్చినా అంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఆవిడన్నది అక్షరాలా నిజం. ఇక్కడ నది ఎత్తున ఉంటుంది, ఊళ్లూ పొలాలూ పల్లంలో ఉంటాయి. అడ్డుకట్ట ఒకటి వేసి కాలువ తవ్వితే చాలు, వాలుకి నీళ్లు వాటంతటవే సముద్రం దాకా వెళ్తాయి. ఆ పల్లమే వరదలప్పుడు ప్రాణాల మీదికి తెస్తుంది కూడా. 1986 ఆగస్టు వరదలప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నాన్నా చిన్నాన్నలూ రాత్రుళ్లు ఏటిగట్టు మీద ఇసక బస్తాలు పేరుస్తూ కాపలా కాశారు. అమ్మ బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించి మమ్మల్ని దాని పక్కనే పడుకోబెట్టింది. గట్టుకి అవతల నీళ్లు మా ఇంటి చూరుకన్నా ఎత్తున ఉన్నాయని మర్నాడు నాన్న చెప్తే గానీ మాకు తెలియలేదు.

ఆ అడ్డుకట్ట వేసినాయన ఆర్థర్ కాటన్. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. అంతకు ముందు, నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చిన కరువు కథలు మా ముత్తాతల నోటి నుంచి తాతయ్య దాకా వచ్చాయి. పక్కనే నిండు గోదావరి పోతున్నా పొలంలోకి చుక్క నీరు రాని రోజులవి. ఇప్పుడు మనం నడిచే బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టింది, దానికీ కాటన్ పేరే పెట్టారు. మా వైపు పురోహితులు గోదావరి స్నాన సంకల్పంలో కూడా ఆయన్ని తలుచుకుంటారు. ఇదంతా ఎందుకంటే, పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినప్పుడు దానికోసం దరఖాస్తు పెట్టుకున్న ఆత్రేయపురం తయారీదార్ల సంఘం పేరు కూడా సర్ ఆర్థర్ కాటన్ పేరుతోనే మొదలవుతుంది. స్వీటు చేసేవాళ్లు తమ సంఘానికి ఏ దేవుడి పేరో పెట్టుకోకుండా ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి విన్నప్పుడు నా కళ్లు చెమర్చాయి.

ఇక ఇల్లు. ఊళ్లోకి రాగానే మెయిన్ రోడ్డుకి రెండు వైపులా పూతరేకుల దుకాణాలే. అద్దాల బీరువాలు, రంగుల డబ్బాలు, లైట్లు. వాటిల్లోనూ మంచివి ఉంటాయి, కాదనను. కానీ నేను వెతికింది రేకు అక్కడికక్కడే తీసే చోటు. కాలువ గట్టు వెంట కాస్త ముందుకెళ్తే ఒక పెంకుటిల్లు, ముందు అరుగు, అరుగు మీద తెల్లటి అట్టపెట్టెల దొంతర. ఇంటి వెనక నుంచి సన్నగా పొగ. ఆ పొగే గుర్తు. పొగ కనిపించని చోట రేకు బయటి నుంచి వస్తుందన్నమాట. అది తప్పేమీ కాదు, ఊళ్లో చాలామంది ఆడవాళ్లు ఇంట్లో రేకులు తీసి వందల లెక్కన దుకాణాలకి వేస్తారు. కాకపోతే ఎప్పుడు తీసిన రేకో మనకి తెలియదు.

"ఎక్కడ్నుంచండీ?" అంటూ కోడలు ఎదురొచ్చింది. ర్యాలి అని చెప్పగానే, "ఆయ్, మనోళ్లేనండి. అత్తయ్యా, ర్యాలి అమ్మాయిగారండి" అని లోపలికి కేకేసింది. వెనక వసారాలో మామ్మగారు కుండ ముందు కూర్చుని ఉన్నారు. డెబ్భై దాటి ఉంటాయి. లేవలేదు, చెయ్యి ఆపలేదు. "కూర్చోండమ్మా, పిండి అయిపోతే లేస్తాను" అన్నారు. మేం ఆ వసారాలో గంటన్నర కూర్చున్నాం.

కుండని బోర్లించి పొయ్యి మీద కూర్చోబెట్టారు. గూనలాంటి పెద్ద కుండ, వీపు నున్నగా, నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతోంది. కింద ఎండు కొబ్బరాకు మండుతోంది. పక్కన గిన్నెలో మజ్జిగకన్నా పలచగా బియ్యప్పిండి నీళ్లు. మామ్మగారు జానెడు వెడల్పున్న తెల్లటి పలచని గుడ్డని అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ వీపు మీద పరిచి అలా ఒక్క లాగు లాగారు. సుయ్‌మని సన్నటి చప్పుడు. గుడ్డ వెళ్లిన చోట తెల్లటి పొర నిలిచింది. నేను ఊపిరి తీసి వదిలేలోగా ఆ పొర అంచు దానంతటదే పైకి లేచింది. రెండు వేళ్లతో ఆ అంచు పట్టి తీసి పక్కన పరిచిన బట్ట మీద పెట్టారు. పూత పూస్తే రేకు. పేరులోనే పని మొత్తం ఉంది. వదినగారు ఒక రేకు ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు. దాని అవతల కాలువ, గట్టు మీద కొబ్బరిచెట్టు మసకగా కనపడ్డాయి.

"కట్టెలు పెట్టరా?" అని అడిగారు వదినగారు. "కట్టె మొండిదమ్మా, ఒకసారి రాజుకుంటే మాట వినదు. కొబ్బరాకైతే ఇలా పెడితే మండుద్ది, ఇలా లాగితే తగ్గుద్ది" అని ఆకు కొంచెం బయటికి లాగి చూపించారు మామ్మగారు. కుండ వేడెక్కువైతే రేకు చిట్లిపోతుంది. తక్కువైతే పిండి అతుక్కుని ఊడి రాదు. ఆ మధ్యన ఎక్కడుండాలో ఆవిడ అరచేయి కుండకి దూరంగా ఆడించి చూసుకుంటున్నారు. కొబ్బరితోటల కిందే ఊరుంది కాబట్టి ఈ మంట దొరికింది.

బియ్యం సంగతి. పూతరేకుకి జయ బియ్యం వాడతారు. లావు గింజ. ఆ వంగడం హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జరిగిన అఖిల భారత వరి పరిశోధన నుంచి 1968లో వచ్చింది. అన్నానికి మనం సన్నబియ్యం వెతుక్కుంటాం, జయని ఇష్టంగా తినేది కేరళవాళ్లు. వాళ్లకోసం మా జిల్లాల్లో ఏళ్ల తరబడి పండించి పంపారు. "మరి జయ రాక ముందు దేనితో తీసేవారు మామ్మగారూ?" అని అడిగాను. "మా అత్తగారు ఇంట్లో పండిన బియ్యంతోనే తీసేవారమ్మా. పది తీస్తే నాలుగు చిరిగేవి. చిరిగినవి పిల్లలకి" అన్నారు. అప్పట్లో పండక్కీ, అల్లుడొస్తేనూ చేసుకునేవారట. అమ్మడం తర్వాత వచ్చింది.

రేకులు తీశాక మడత పని కోడలిది. తడి గుడ్డతో రేకుని అద్ది మెత్తబరుస్తుంది. ఒక రేకు పరిచి కరిగిన నెయ్యి చిలకరించి, బెల్లం పొడి జల్లి, దాని మీద ఇంకో రేకు, మళ్లీ నెయ్యి, చిదిమిన జీడిపప్పు, యాలకుల పొడి, మడిచి మడిచి పొట్లంలా చేసి పెట్టేస్తుంది. అరనిమిషం పట్టలేదు. మాకిద్దరికీ చెరొకటి అరటాకు ముక్కలో పెట్టిచ్చింది. వదినగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నమలడానికి ఏమీ లేదు. రేకు నాలుకకి తగిలి తగలగానే కరిగిపోతుంది, నెయ్యీ బెల్లం మిగులుతాయి, చివర్లో యాలకులు. "గిది పెద్ద పండుగ లెక్కుంది వదినా" అన్నారు. ఇంకోటి అడిగి మరీ తిన్నారు.

ఇప్పుడు కొనేవాళ్లకి నా మాట. ఇక్కడ నాలుగైదు రకాలు ఉన్నాయి. పంచదార పొడివి పది ఉన్న డబ్బా 150 రూపాయలు, బెల్లం జీడిపప్పువి 250, బాదం పిస్తా కలిపినవి 300. చాక్లెట్ పొడి వేసినవి కూడా పిల్లలకోసం చేస్తున్నారు. నేను కొనమనేది బెల్లానివే. అందులో రేకు రుచి రేకుకి ఉంటుంది. పప్పులెక్కువైనవి చూడ్డానికి ఘనంగా ఉంటాయి కానీ పలుకు తగిలి రేకు చిరుగుతుంది, నమలాల్సొస్తుంది, అప్పుడిక అది పూతరేకు కాదు. చాక్లెట్‌ది ఒకటి తిన్నాను, రెండోది తినాలనిపించలేదు. ఉత్త రేకులు కూడా వంద లెక్కన ఇస్తారు. ఇంట్లో నెయ్యి మంచిదుంటే అవి తీసుకెళ్లి అప్పటికప్పుడు మడుచుకోవడం అన్నిటికన్నా ఉత్తమం. వదినగారు రెండొందల ఉత్త రేకులు తీసుకున్నారు.

నిల్వ విషయం ఇంటి అనుభవంతో చెప్తున్నాను. పంచదారవి స్టీలు డబ్బాలో గట్టిగా మూత పెడితే పదిహేను రోజులకీ కరకరలాడాయి. బెల్లంవి వారం దాటాక మెత్తబడ్డాయి, రుచి పోలేదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, తేమ తగిలి రేకులు అతుక్కుపోతాయి. ప్రయాణానికి డబ్బాలు ఒడిలోనో, బ్యాగులో అన్నిటికన్నా పైనో పెట్టుకోండి. మా కారు డ్రైవరు కుర్రాడు డిక్కీలో పెడతానంటే నేను ఒప్పుకోలేదు.

బాగాలేనివీ చెప్పాలి. డబ్బాల మీద తయారుచేసిన తేదీ వెయ్యడం లేదు. అడిగితే చెప్తారు, నిజమే చెప్తారు, కానీ డబ్బా చేతులు మారాక మూడో మనిషికి ఎలా తెలుస్తుంది? భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకుకి కనీసం ఆ తేదీ ఉండాలి. కోడలితో ఈ మాట అన్నాను, స్టాంపు చేయించుకుంటానంది. కొరియర్ వీళ్లు చెయ్యరు. పంపితే నలిగిపోతాయని మొహమాటం లేకుండా చెప్పేశారు, నాకు అది నచ్చింది. కారు పెట్టుకోవడానికి చోటు లేదు, గట్టు రోడ్డు ఇరుకు, ఎదురుగా ట్రాక్టరొస్తే వెనక్కి వెళ్లాల్సిందే. శనివారం అస్సలు రావద్దు. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కువాళ్లు వేలమంది ఇదే రోడ్డు మీద వస్తారు. మొక్కుంటే దర్శనానికి శనివారం వెళ్లండి, రేకులకి ఇంకో రోజు రండి.

ఇంకో సంగతి. మామ్మగారి పక్కన రేకు తీయడం నేర్చుకుంటున్నవాళ్లెవరూ లేరు. కోడలికి మడత వచ్చు, తీయడం వచ్చు గానీ పొగకి కళ్లు మండి గంటకన్నా కూర్చోలేదు. మనవరాలు రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. కుండ ముందు కూర్చునే ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ ఏమవుతున్నాయో చూసేవాళ్లుండాలి. ఆ వసారాకి ఒక మంచి పొగగొట్టం ఉంటే బాగుండును అనిపించింది. డబ్బాకి పది రూపాయలు ఎక్కువ తీసుకుని పెట్టించుకోండి, కొనేవాళ్లు కాదనరు అని చెప్పి వచ్చాను. నిజంగానే కాదనరు.

అక్కణ్ణుంచి లొల్ల లాకులు చూశాం. పెద్ద కాలువ వచ్చి పాయలుగా చీలి కోనసీమలోకి దిగే చోటు. సినిమాల్లో చాలాసార్లు చూసి ఉంటారు. ఈ కాలువలు పొలాలకే కాదు, పడవలకి కూడా తవ్వినవి. లాకులు అందుకే. ఒకవైపు తలుపు మూసి, నీళ్లు నింపి పడవని ఎత్తుకి లేపి రెండో తలుపు తీసేవారు. కొబ్బరికాయలూ ధాన్యం బస్తాలూ వేసుకుని రాత్రంతా పడవ మీద ప్రయాణం చేసేవాణ్ణని తాతయ్య చెప్పేవాడు. ఇప్పుడా పడవలు లేవు. ఈమధ్య సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు పెడుతున్నారు, అంతే. మేం వెళ్లినప్పుడు దాళ్వా చేలు, అంటే రెండో పంట వరి, పచ్చగా మోకాలెత్తున్నాయి. కాలువ నిండుగా ఉంది. ఎండలు ముదిరాక కాలువలు కట్టేస్తారు, అప్పుడొస్తే ఈ కళ ఉండదు. ఆ రోజుల్లో వస్తే మాత్రం ఆత్రేయపురం మామిడి తాండ్ర దొరుకుతుంది, అది కూడా ఇక్కడి పేరున్న సరుకే.

మా ర్యాలి కూడా తీసుకెళ్లాను. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు నుంచి విష్ణువు, వెనక నుంచి మోహిని, అంతా ఒకే నల్లరాయి. వదినగారు వెనక వైపు నిలబడి మోహిని కొప్పుకేసి చాలాసేపు చూశారు. దాని గురించి రాయాలంటే ఇంకో రివ్యూ అవుతుంది.

నా లెక్కలో ఈ ఇంటికి ఐదుకి నాలుగున్నర. తగ్గించిన అర, డబ్బా మీద తేదీకి. పొద్దున్న ఎనిమిదింటికల్లా వెళ్తే కుండ దగ్గర కూర్చోనిస్తారు. పదకొండు దాటితే కుండ దించేస్తారు. సంక్రాంతికీ పెళ్లిళ్ల నెలల్లోనూ పది రోజుల ముందు చెప్పుకోవాలి. చెప్పకుండా వెళ్తే ఇవ్వడానికి ఉండవు. మొన్న ఫాల్గుణంలో ధర్మపురి నరసింహస్వామి ఉత్సవాలకి చుట్టాలొస్తున్నారని వదినగారు వంద కావాలన్నారు. అవి రైల్లో పట్టుకెళ్లడానికి మా తమ్ముణ్ణి ఒప్పించి, ఆత్రేయపురానికి ఫోన్ చేశాను. పేరు చెప్పబోతుంటే కోడలు మధ్యలోనే అందుకుంది: "ఆ ధర్మపురి అమ్మగారికేగా అండి? బెల్లంవే కట్టిస్తాను. తేదీ స్టాంపు కూడా తెచ్చామండి."